శుక్రవారం డిన్నర్‌కి పిలిచారు, పంపమంటారా అక్కా?

పోయిన నెల ఒక పాఠకురాలు తమ పక్కింటి జ్యూయిష్ కుటుంబం గురించి నాలుగు ముక్కలు రాస్తే వేశాం కదా, ఆ తర్వాత అదే విషయం మీద వరసగా ఉత్తరాలొచ్చాయి, ఎక్కువ అమెరికా నుంచి, ఒకటి మాత్రం మన గుంటూరు నుంచి. అందుకే ఈసారి కాలమ్ అంతా యూదుల టీనేజ్ పిల్లలు, వాళ్ళ ప్రోగ్రాముల గురించే. నేను పదిహేడేళ్ళు న్యూజెర్సీలో ఉండి వచ్చినదాన్ని, మా ఎదురింటి వాళ్ళు యూదులు, వాళ్ళ పిల్లలూ మా పిల్లలూ కలిసే పెరిగారు, కాబట్టి చాలావరకు కళ్ళారా చూసిందే చెప్తున్నా.

ప్రశ్న: అక్కా, మా పాప తొమ్మిదో క్లాస్. తన బెస్ట్ ఫ్రెండ్ జ్యూయిష్ అమ్మాయి, బీబీజీ అని ఏదో గ్రూప్‌లో ఉంది. వచ్చే నెల ఆ గ్రూప్ పిల్లలంతా ఒకళ్ళింట్లో శుక్రవారం డిన్నర్ చేసుకుంటారట, మా పాపని రమ్మంది. మావారు ససేమిరా అంటున్నారు, మతం మార్చేస్తారేమో అని ఒకటి, వాళ్ళ ప్రార్థనా స్థలాల మీద కాల్పులు జరిగాయి కదా అని ఇంకోటి. నాకేమో పంపాలనే ఉంది. – ఒక అమ్మ, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పంపండమ్మా. మీవారి మొదటి భయం అసలు అక్కర్లేదు, వాళ్ళ మతంలో రండి చేరండి అని ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసే పద్ధతి లేదు, ఎవరైనా తమంతట తాము వచ్చి మారతామన్నా కూడా రబ్బై, అంటే వాళ్ళ గురువు, వెంటనే సరే అనడు, ఇంటికెళ్ళి ఇంకోసారి ఆలోచించుకో అని వెనక్కి పంపడం వాళ్ళ పాత ఆచారం, ఆ తర్వాత కూడా ఎంతో చదివిస్తే గానీ ఒప్పుకోరు. ఒక రాత్రి భోజనానికి వెళ్ళిన పిల్ల మతం మీద ఎవరూ కన్నెయ్యరు.

ఆ గ్రూప్ సంగతి చెప్తా. 1924లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో ముందు మగపిల్లలకి మొదలైంది, దాని పేరు ఏజెడ్ఏ. అప్పట్లో ఫ్రెటర్నిటీలు అనే కుర్రాళ్ళ క్లబ్బులు ఉండేవి, వాటిలోకి యూదుల పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు, రానివ్వకపోతే పోనీ మనమే ఒకటి పెట్టుకుందాం అని పెట్టుకున్నారు. ఆడపిల్లలది 1944లో వచ్చింది, అదే బీబీజీ. రెండూ కలిపి ఇప్పుడు బీబీవైఓ అంటారు. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, ఊరూరా ఉన్న చాప్టర్లని పిల్లలే నడుపుతారు, వాళ్ళలో వాళ్ళే ఎలక్షన్ పెట్టుకుంటారు, ఆడపిల్లల ప్రెసిడెంట్‌ని నసీయా అంటారు. లెక్కలు చూసే పిల్ల ఒకత్తె, మీటింగ్ నోట్స్ రాసే పిల్ల ఒకత్తె, పెద్దవాళ్ళు అడ్వైజర్లుగా ఉంటారు గానీ మైకు పట్టుకోరు.

ఒకటి మాత్రం పాపకి ముందే చెప్పండి. ఫ్రెండ్‌గా డిన్నర్‌కి వెళ్ళడం వేరు, గ్రూప్‌లో మెంబర్ అవ్వడం వేరు, అవి యూదు పిల్లల కోసం పెట్టుకున్నవి. రేపు వాళ్ళు పెద్ద కన్వెన్షన్‌కి వెళ్తూ మీ పాపని పిలవకపోతే అది చిన్నచూపు కాదు, మన తెలుగు సంఘం సభలకి ఆ అమ్మాయి రాకపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

రెండో భయం మాత్రం నేను కొట్టిపారెయ్యను. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ అనే సినగాగ్‌లో, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరంలో, శనివారం పొద్దున ప్రార్థనకి వచ్చినవాళ్ళు 11 మందిని ఒకడు కాల్చి చంపాడు. మా ఎదురింటావిడ ఆ వారం పిల్లల్ని యూత్ గ్రూప్‌కి పంపాలా మానాలా అని గుమ్మంలో కారు తాళాలు పట్టుకుని ఎంతసేపు నిలబడిందో, చివరికి తనే తీసుకెళ్ళి మీటింగ్ అయ్యేదాకా బయట కార్లో కూర్చుంది. అప్పట్నుంచి చాలాచోట్ల తలుపులకి లాక్, గేటు దగ్గర గార్డు, లోపలికి ఎవరొస్తారో లిస్టు, ఇవన్నీ మామూలైపోయాయి. మీది ఇంట్లో డిన్నర్ కాబట్టి మీరే ఆ ఇంటి అమ్మకి ఫోన్ చెయ్యండి, పెద్దవాళ్ళు ఎవరుంటారు, ఎన్నింటికి అయిపోతుంది, ఎవరు దించుతారు, అడగండి, ఆవిడ ఏమీ అనుకోదు, మీరు అడిగే ప్రతి ప్రశ్నా తనూ అడుగుతూ బతుకుతోంది.

తిండి గురించి. మీరు వెజిటేరియన్ అయితే ఒక సులువు ఉంది, కోషర్, అంటే వాళ్ళ మతంలో తిండి నియమాలు, పాటించే ఇళ్ళలో మాంసం, పాలు ఒకే భోజనంలో కలపరు, కాబట్టి ఆ రోజు డెయిరీ వంటా అని అడిగితే చాలు, డెయిరీ అన్నారంటే మాంసం ఉండదు, చేప మాత్రం ఉండొచ్చు, గుడ్డు ఉండొచ్చు, హల్లా అని జడలా అల్లిన బ్రెడ్ పెడతారు, దాన్లోనూ మామూలుగా గుడ్డు పడుతుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబాత్, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి రోజు, బాగా నిష్ఠగా ఉండే ఇంట్లో ఫోన్ ముట్టుకోరు, లైటు స్విచ్ కూడా నొక్కరు, కొందరిళ్ళలో అంత ఉండదు. ఏ ఇంట్లో ఎలాగో తెలియదు కాబట్టి పాపని ఫోన్ బ్యాగ్‌లోంచి తియ్యొద్దనండి, మీరూ ఊరికే మెసేజ్‌లు పెట్టకండి.

ఒకసారి మా అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళి నేనూ లోపల నిలబడిపోయా, అప్పుడే షబాత్ ముగిసి హవ్‌దాలా, అంటే షబాత్‌కి వీడ్కోలు చెప్పే ప్రార్థన, చేస్తున్నారు. హాల్లో లైట్లన్నీ ఆర్పేసి పిల్లలు ముప్పైమంది దాకా ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో ఒక పిల్ల జడలా పేనిన కొవ్వొత్తి ఎత్తి పట్టుకుంది, దానికి ఒక వత్తి కాదు, చాలా వత్తులు, మంట ఇంతెత్తున లేస్తోంది. చిన్న డబ్బాలో లవంగాలు, దాల్చినచెక్క వేసి ఒకరి చేతిలోంచి ఒకరికి, అందరూ వాసన చూస్తున్నారు, మన పోపులపెట్టె మూత తీసినట్టు హాలంతా ఘుమఘుమ. తర్వాత చేతులు మంట వైపు చాపి గోళ్ళ మీద పడే వెలుగు చూసుకున్నారు, మనం హారతి కళ్ళకద్దుకుంటాం చూడండి, నాకదే గుర్తొచ్చింది. ఆఖర్న కొవ్వొత్తిని కప్పులో ముంచితే చుయ్‌మని ఆరిపోయింది. అంత చీకట్లో ఒక్కరూ కదల్లేదు, అందరూ పదహారేళ్ళ లోపు పిల్లలే, ఎవరూ వాళ్ళని ఉష్ అనలేదు కూడా.

ప్రశ్న: మా బాబుని ఫ్రెండ్ బార్ మిట్స్వాకి పిలిచారండీ. ఏం గిఫ్ట్ ఇవ్వాలి, ఏం వేసుకోవాలి? – డాలస్ నుంచి ఒక నాన్న

జవాబు: బార్ మిట్స్వా అంటే 13 ఏళ్ళు నిండిన కుర్రాడు పెద్దవాడైనట్టు చేసే వేడుక. మనం 116, 1116 చదివిస్తాం కదండీ, వాళ్ళకి 18 అలాంటిది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది, హాయ్ అనే మాటలో రెండక్షరాలు, 8, 10, కలిపితే 18, ఆ మాటకి అర్థం జీవం. అందుకని 36, 54, 72 అలా 18 లెక్కన డాలర్లు ఇస్తారు. శనివారం పొద్దున సినగాగ్‌లో మాత్రం కవరు చేతికివ్వకండి, షబాత్ రోజు డబ్బు ముట్టుకోకూడదు, సాయంత్రం పార్టీలో ఇవ్వండి లేదా తర్వాత ఇంటికి పంపండి. బాబుకి కాలర్ షర్టు, ప్యాంటు చాలు, తలకి పెట్టుకునే చిన్న టోపీ, కిప్పా, గుమ్మం దగ్గర బుట్టలో ఉంటుంది, అతిథులైనా మగపిల్లలు పెట్టుకోవడమే మర్యాద.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఊరి తెలుగు సంఘంలో యూత్ కమిటీ నాది. ఉగాదికీ దీపావళికీ చిన్నపిల్లల డాన్సులు బోలెడు, పదమూడు దాటితే ఒక్కరు రారు, వచ్చినా పార్కింగ్‌లో కార్లో కూర్చుంటారు. జ్యూయిష్ వాళ్ళకి టీన్స్ కోసం అన్ని ప్రోగ్రాములున్నాయంటారు, వాళ్ళు ఏం చేస్తున్నారు, మనం ఏం చెయ్యట్లేదు? – షార్లెట్ నుంచి

జవాబు: బాబూ, ముందు ఒక మాట, వాళ్ళకీ ఇదే బాధ. బార్ మిట్స్వా అయిపోగానే పిల్లలు సినగాగ్ వైపు రావడం మానేస్తారని వాళ్ళ పెద్దలు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. కాకపోతే మొత్తుకుని ఊరుకోలేదు. 13 నిండిన కుర్రాడు వాళ్ళ లెక్కలో పెద్దవాడు, ప్రార్థనకి పదిమంది ఉండాలంటే ఆ పదిలో వాణ్ణీ లెక్కపెడతారు, చాలా సినగాగ్‌లలో ఇప్పుడు ఆడపిల్లల్నీ లెక్కపెడతారు. అంటే నువ్వు రాకపోతే ఇవాళ తొమ్మిదిమందే ఉంటాం, పని ఆగిపోతుంది అని. మన హాల్లో పదిహేనేళ్ళ పిల్లాడు రాకపోతే ఏం ఆగుతుంది చెప్పండి, కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటుంది అంతే.

ఆ తర్వాత యూదు మతంలో ఉన్న పాయలు ఎవరి దారిలో వాళ్ళు పిల్లలకి గ్రూపులు పెట్టారు. రిఫార్మ్ వాళ్ళకి 1939 నుంచి ఎన్ఎఫ్‌టీవై, కన్సర్వేటివ్ వాళ్ళకి 1951 నుంచి యూఎస్‌వై, ఆర్థడాక్స్ వాళ్ళకి 1954 నుంచి ఎన్‌సీఎస్‌వై, ఏ పాయకీ చెందని బీబీవైఓ సరే. ఆటలంటే పడిచచ్చే పిల్లలకి మక్కాబీ గేమ్స్, 1982లో మెంఫిస్‌లో మొదలయ్యాయి, ఊళ్ళ నుంచి వచ్చిన ప్లేయర్లని హోటల్లో పెట్టకుండా అక్కడి కుటుంబాలు ఇళ్ళలో ఉంచుకుని అన్నం పెట్టి పంపడం వాటిలో ఉన్న అందం. ఎండాకాలం క్యాంపులైతే చెప్పక్కర్లేదు, రామా క్యాంపులు 1947 నుంచి ఉన్నాయి, చిన్నప్పుడు క్యాంపుకి వెళ్ళిన పిల్లే పెద్దయ్యాక అక్కడే కౌన్సిలర్‌గా జీతానికి చేరుతుంది. హంగరీలో సార్వాష్ అని ఇంకో క్యాంపు, 1990లో కమ్యూనిస్టుల పాలన పోతుండగా పెట్టారు, అక్కడికి వచ్చిన పిల్లల్లో చాలామంది ఇళ్ళలో తాము యూదులమని చెప్పుకోవడమే మానేశారు, పిల్లలు క్యాంపులో పాటలు, ప్రార్థనలు నేర్చుకుని ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి నేర్పారు. తల్లిదండ్రులకే పిల్లలు నేర్పారు, ఇది మన కమిటీ మీటింగ్‌లో గట్టిగా చదవండి.

అన్నిట్లోకి మీరు చూసి రావాల్సింది ఫ్రెండ్‌షిప్ సర్కిల్. 1994లో మిషిగన్‌లో మొదలైంది, హబాద్ అనే ఆర్థడాక్స్ యూదు సంస్థ వాళ్ళు నడుపుతారు, ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లల ఇళ్ళకి ఇద్దరిద్దరు టీనేజర్లు వెళ్ళి ఆడతారు, వాళ్ళ అమ్మకి కాసేపు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరుకుతుంది. ఎదురింటి అబ్బాయి ఇలా ఒక తొమ్మిదేళ్ళ బాబు దగ్గరికి ఆదివారం ఆదివారం వెళ్ళేవాడు, ఆ బాబు మాట్లాడడు, కళ్ళలోకి చూడడు. గ్యారేజ్‌లో ఎదురెదురు కూర్చుని బంతి దొర్లించుకునేవాళ్ళు, చలికాలమంతా అంతే, ఒక రోజు వీడికి జ్వరమొచ్చి వెళ్ళకపోతే ఆ బాబు బంతి పట్టుకుని తలుపు దగ్గరే కూర్చున్నాడట. వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్తే ఈ పదహారేళ్ళ వాడు మా వంటింట్లో నా ముందు కళ్ళు తుడుచుకున్నాడు. అలాంటి పిల్లవాణ్ణి మీరు కార్లో కూర్చోబెట్టగలరా చెప్పండి.

మన సంగతి కూడా చెప్తా, మనసులో ఎప్పట్నుంచో ఉంది. మేమున్న ఊళ్ళో ఒక సంఘం ఉగాదికి టీన్స్ ఏడుగురు కలిసి అరగంట ప్రోగ్రామ్ అడిగారు, ఇక్కడ పుట్టి పెరిగిన మా గోల మేమే స్కిట్‌గా వేస్తామని, తెలుగు ఇంగ్లీషు కలిపి రాసుకున్నారు, రెండు నెలలు మా బేస్‌మెంట్‌లో రిహార్సల్. ఆ రోజు స్పాన్సర్ల సన్మానాలు సాగీ సాగీ వాళ్ళకి ఆరు నిమిషాలు మిగిలాయి, సగంలో మైకు తీసేసుకున్నారు, భోజనాలు చల్లారిపోతున్నాయని. ఆ ఏడుగురిలో మా అమ్మాయి ఒకత్తె. మళ్ళీ ఏ ఉగాదికీ రాలేదు, నేను బతిమాలినా రాలేదు, తప్పు తనది అని నేను ఎప్పటికీ అనను.

కాబట్టి ఈసారి టీన్స్ కోసం ప్రోగ్రామ్ మీరు ప్లాన్ చెయ్యకండి. ఒక బడ్జెట్ ఇవ్వండి, చిన్నదే, అయిదొందల డాలర్లు. ప్రెసిడెంట్‌ని వాళ్ళనే ఎన్నుకోమనండి. తెలుగు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే పని వాళ్ళకి అప్పజెప్పండి, ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న మన అమ్మమ్మలూ తాతయ్యల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే లిస్టు వాళ్ళ చేతికివ్వండి. మొదటి ఏడాది అంతా గందరగోళంగా ఉంటుంది, పిజ్జా ఎక్కువ, తెలుగు తక్కువ, ఓపిక పట్టండి, మైకు మాత్రం తీసుకోకండి.

ప్రశ్న: అక్కా, నేను గుంటూరులో డిగ్రీ సెకండ్ ఇయర్. మన చేబ్రోలు దగ్గర యూదులున్నారని విన్నాను, నిజమేనా? అక్కడి పిల్లలకి కూడా క్యాంపులవీ ఉంటాయా? మా ఫ్రెండ్స్ వెళ్ళి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. – గుంటూరు

జవాబు: నిజమేనమ్మా. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉంటారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్ళని. ఇంట్లో, వీధిలో మాట్లాడేది మన తెలుగే. బైబిల్లో చెప్పిన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిమ్ గోత్రం వాళ్ళమని వాళ్ళ నమ్మకం, ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్ళు, 1980ల నుంచి యూదు పద్ధతులు పాటిస్తూ తర్వాత చిన్న సినగాగ్ కూడా పెట్టుకున్నారు. ఇలాగే ఇంకో గోత్రం వాళ్ళమని నమ్మే, మణిపూర్, మిజోరంలో ఉన్న బ్నె మెనాషే వాళ్ళని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బైలలో ఒకరు ఇజ్రాయెల్ సంతతిగా గుర్తించారు, మన వాళ్ళకి ఆ గుర్తింపు రాలేదు. అందువల్ల అమెరికాలో ఉన్నట్టు పెద్ద సంస్థలు, ఎండాకాలం క్యాంపులు ఇక్కడి పిల్లల గడప తొక్కవు. ఉన్నవి కొన్ని పదుల కుటుంబాలే, పిల్లలకి హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండగ పాటలు పెద్దవాళ్ళే నేర్పుకుంటారు, అప్పుడప్పుడు బయటి దేశాల నుంచి ఎవరో ఒకరు వచ్చి కొన్నాళ్ళు చెప్పి వెళ్తారు.

మీరు వెళ్తానంటే సంతోషం, కానీ వింత చూడ్డానికి వెళ్ళినట్టు వెళ్ళొద్దు. మీరు నిజంగా యూదులేనా అని అడగొద్దు, కులం తవ్వొద్దు, పిల్లల ముఖాల మీద ఫోన్ పెట్టి వీడియోలు తియ్యొద్దు. శనివారం అసలు వద్దు, వాళ్ళకి షబాత్, ఆదివారం వెళ్ళండి, అదీ ముందు పెద్దవాళ్ళని అడిగి. వెళ్ళాక మీ ప్లాన్ చెప్పకుండా అక్కడి టీనేజ్ పిల్లలతో కూర్చుని మీకేం కావాలి అని అడగండి, ఇంటర్ ఎంట్రన్స్ కోచింగ్ అంటారో, కంప్యూటర్ అంటారో, క్రికెట్ కిట్ అంటారో, ఏదంటే అది, ఒక్కసారి వెళ్ళి ఫొటో దిగి రావడం కాకుండా నెలకి రెండు ఆదివారాలు వెళ్ళగలిగితేనే మొదలుపెట్టండి. వాళ్ళేం అడిగారో నాకు రాయండి, పుస్తకాల వరకు నేనూ పంపుతా.