జ్ఞానదంతం చూసి 18 ఏళ్లు నిండాయో లేదో చెప్పగలరా?

ఒక్క ముక్కలో: అంచనా వేయగలరు, ఖాయంగా చెప్పలేరు.

పన్ను బయటికి వచ్చిందా లేదా అన్నది పెద్ద లెక్కలోకి రాదు. దవడలో చోటు లేక కొందరికి అది చిగురు కిందే ఉండిపోతుంది, కొందరికి అసలు పుట్టదు. అసలు చూసేది పన్ను వేరు ఎంత పెరిగిందని. విజయవాడలో ఏ పెద్ద డెంటల్ క్లినిక్‌లోనైనా తీసే ఓపీజీ ఎక్స్‌రేలో రెండు దవడలూ ఒకేసారి కనిపిస్తాయి. పన్ను ఎదుగుదలను ఏ నుంచి హెచ్ దాకా 8 దశలుగా విడగొట్టిన డెమిర్జియన్ పద్ధతి 1973 నాటిది. మొదట పన్ను పైభాగం గట్టిపడుతుంది, తర్వాత వేళ్లు దిగుతాయి, చివరికి వేరు కొన మూసుకుంటుంది. అదే హెచ్ దశ. మిగతా పళ్లన్నీ సుమారు 16 ఏళ్లకే పూర్తవుతాయి కాబట్టి, ఆ తర్వాత ఈ ఒక్క పన్నే దిక్కు.

హెచ్ దశ కనిపిస్తే 18 దాటి ఉండే అవకాశం ఎక్కువ. అయితే కొందరికి వేరు ముందే పూర్తవుతుంది, ఇంకొందరికి 20 దాటినా కాదు. రెండేళ్లు అటూ ఇటూ మామూలే. అందుకే మణికట్టు, కాలర్ ఎముక ఎక్స్‌రేలు కూడా కలిపి చూస్తారు.

కోర్టు కేసుల్లో వయసు తేల్చడానికి, బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం ముందు స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. "కృష్ణా పుష్కరాల ఏడు పుట్టాడు" అని అమ్మమ్మ చెప్పే లెక్క ఒక్కోసారి ఎక్స్‌రే కంటే దగ్గరగా ఉంటుంది గానీ, కోర్టులో దానికి విలువ తక్కువ.