పిండినల్లి పోయింది, పెంపకాలు వచ్చాయి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మూడేళ్లుగా డాబా మీద మిద్దెతోట పెంచుతున్నాను. మందారకు పిండినల్లి పడితే వేపనూనె పని చెయ్యలేదనీ, చివరికి కొట్లో పురుగుమందు తెచ్చి ఒకసారి కొట్టాననీ ఫేస్‌బుక్‌లో మా మిద్దెతోట గ్రూపులో రాశాను. ముక్కూమొహం తెలియని ఒకాయన ‘విషం చల్లేవాళ్లకు ఇక్కడేం పని’ అన్నాడు. నేనూ ఊరుకోలేదు. మూడు రోజుల్లో 125 కామెంట్లయ్యాయి. రాత్రి ఒంటిగంటకు లేచి మరీ చూస్తున్నాను. మావారు ‘ఆ ఫోను అవతల పారెయ్’ అంటున్నారు. గ్రూపు వదిలెయ్యడానికి మనసు రావడం లేదు. స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఫోను పారెయ్యక్కర్లేదమ్మా, గ్రూపూ వదలక్కర్లేదు. మూడేళ్లు విత్తనాలు ఇచ్చిపుచ్చుకున్న చోటు అది.

స్క్రీన్‌షాట్లన్నీ చదివాను. ఆయన మొదటి మాట మొరటుదే, సందేహం లేదు. కానీ 11వ కామెంట్లో మీరేం రాశారో ఒకసారి చూసుకోండి. ‘మనుషులతో మాట్లాడటం నేర్పే పెద్దలు లేరా మీ ఇంట్లో?’ అన్నారు. అక్కణ్ణుంచి పిండినల్లి పోయింది, ఇళ్లూ పెంపకాలూ వచ్చాయి. ఇది మీకు నచ్చదని తెలిసే చెబుతున్నాను.

ఆయనే రైతుబజారులో మీ పక్కన నిలబడి వంకాయలు ఏరుకుంటూ ఉంటే ‘వేపనూనెలో కుంకుడు రసం కలిపారా అమ్మా?’ అని అడిగేవాడేమో. జాన్ సూలర్ అనే సైకాలజిస్టు 2004లోనే దీని మీద రాశాడు. ఎదుటి మనిషి కనబడకపోవడం, మనమెవరో తెలియదన్న ధీమా, జవాబు అప్పటికప్పుడే వినక్కర్లేకపోవడం, ఇవన్నీ కలిసి నలుగురిలో అనని మాటలు అనిపిస్తాయట. అదే చనువుతో కొందరు ఇంట్లో కూడా చెప్పుకోని బాధలు పరాయివాళ్లకు చెప్పుకుంటారట. మీకు ఆ గ్రూపు మీద మమకారం కలిగింది కూడా ఈ రెండో రకం మాటల వల్లే అయ్యుంటుంది.

ఇంతకీ కుంకుడు రసం కలిపారా? నిజంగానే అడుగుతున్నాను. మీ పోస్టులో ఆ మాట లేదు. వేపనూనె ఉత్త నీళ్లలో కలవదు, పైకి తేలిపోతుంది. పైగా పిండినల్లి ఒంటి మీద మైనం లాంటి తెల్లటి పొర ఉంటుంది. ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడిగితే గానీ మందు అంటదు. నాకేదో తోటపని తెలుసని కాదు, 43వ కామెంట్లో ఒకావిడ ఇదంతా ఓపిగ్గా రాసింది. దానికి ఒక్కరూ జవాబివ్వలేదు. మీరిద్దరూ అప్పటికి ఒకరి వంశం ఒకరు తవ్వుకుంటున్నారు!

ఎవరైనా రాసి దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వం ఇంగ్లీషు వికీపీడియాలో, ఇలాంటి తగాదాలు ముదరకుండా ఒక నియమం ఉంది. ఒకే పేజీలో ఎదుటివాళ్లు చేసిన మార్పులను 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదు. మామూలు తగాదాల్లో ఎవరిది ఒప్పు అన్నది దానికి పట్టదు. మీకైతే మూడు కూడా ఎక్కువే, ఒక్కటి చాలు. ఆ ఒక్క కామెంట్లో 43వ కామెంటు రాసినావిడకు థ్యాంక్స్ చెప్పండి. పెద్దల మాట ఎత్తినందుకు ‘అది నా పొరపాటు’ అనండి. మందు కొట్టిన సంగతికి మాత్రం క్షమాపణ అక్కర్లేదు, అది మీ మొక్క. తర్వాత ఆ పోస్టు నోటిఫికేషన్లు ఆపేసి, రాత్రిళ్లు ఫోను హాల్లో చార్జింగ్‌కు పెట్టండి. మీవారితో కూడా ఒక మాట: ‘పారెయ్’ అనే బదులు ఆ పోస్టేమిటో ఒకసారి కూర్చుని చదివితే, ఈవిడ నాకు ఉత్తరం రాసేదే కాదు.

ఆయన మెసెంజర్‌లోకి వచ్చి తిడితే సంగతి వేరు. స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ చేసి, అడ్మిన్‌కు చెప్పండి.

మీరు తగ్గి రాసినదాని కింద కూడా ఆయన ఏదో ఒకటి అనకపోడు. అననివ్వండి. ఆ వేళకు మీరు డాబా మీద మందారను కడుగుతూ ఉంటారు.