రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. సెలవుల్లో ‘ది లాస్ట్ కిడ్స్ ఆన్ ఎర్త్’ కార్టూన్ సిరీస్ మొత్తం చూశాడు. అప్పట్నుంచి రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు. ఆ సిరీస్ చూడడం మాన్పించాలా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. మాన్పించక్కర్లేదు, పడుకునే ముందు మాత్రం వద్దు. మాక్స్ బ్రాలియర్ పుస్తకాల ఆధారంగా 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ఈ సిరీస్‌ని విజయవాడ పటమటలో మా మనవడి పక్కన కూర్చుని నేనూ చూశాను. ఊరంతా జాంబీలు, రాక్షసులు. పదమూడేళ్ల జాక్ చెట్టు మీద కట్టిన ఇంట్లో బతుకుతుంటాడు. పెంచుతున్నవాళ్లు వాణ్ణి వదిలేసి పారిపోయారు. మావాడు రాక్షసులకి బెదరలేదు, ఈ మాట దగ్గరే బిగుసుకుపోయాడు. నా లుంగీ అంచు పట్టుకుని, “తాతయ్యా, మీరైతే నన్ను తీసుకెళ్తారు కదా?” అన్నాడు. ఒళ్లోకి లాక్కున్నాను.

మీవాడికి ఏ సీను గుర్తొస్తోందో నెమ్మదిగా అడగండి. తర్వాత క్వింట్, జూన్, డర్క్ జాక్‌కి తోడవుతారు, రోవర్ అనే రాక్షస జంతువు కుక్కపిల్లలా వెంట తిరుగుతుంది. ఆ భాగాలు పగటిపూట మీరూ కలిసి చూడండి. చిన్న బెడ్‌లైటు వెలగనివ్వండి, ఏం పర్లేదు.