చెక్కు కంపెనీది, మొదటి ముద్దాయీ కంపెనీయే

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి పని చేసిపెడితే 6,40,000 రూపాయలకు చెక్కు ఇచ్చారు. బౌన్స్ అయింది. జూలై 3న బ్యాంకు మెమో చేతికొచ్చింది. 8న ఎండీకి నోటీసు పంపాను. కంపెనీని జైల్లో పెట్టలేరు కాబట్టి దాని మీద కేసు దండగంటున్నారు. డైరెక్టరుగా ఉన్న ఎండీ తల్లినీ చేర్చమంటున్నారు. వాళ్ల రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. కేసు అక్కడే వేయాలా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం (జూలై 14)

జవాబు: కంపెనీ మీద కేసు దండగన్న మాట నమ్మితే మీ కష్టార్జితం పోతుంది. చెక్కు ఒకసారి తీసి చూడండి. సంతకం పైన 'ఫర్' అని, పక్కనే కంపెనీ పేరు ఉంటుంది. అంటే చెక్కు ఇచ్చింది కంపెనీ, సంతకం పెట్టిన చెయ్యి ఎండీది. కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా ఒక్క డైరెక్టరు మీదే 138 సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు నిలవదని అనీతా హడా కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ఒక్క పొరపాటుతో ఏళ్ల తరబడి నడిచిన కేసు కొట్టేస్తే, కేసు వేసిన మనిషికి ఎంత నష్టమో ఆలోచించండి. ఇక జైలు సంగతి. కంపెనీని జైల్లో పెట్టలేకపోయినా జరిమానా వేయవచ్చు, అందుకే దాన్ని విచారించవచ్చని 2005లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చెక్కు కేసులో జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా ఉండొచ్చు.

మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి. మీకు ఆగస్టు 2 దాకా టైముంది, కానీ ఆగకండి. రేపే కంపెనీ పేరుతో రిజిస్టర్డ్ ఆఫీసుకు ఇంకో నోటీసు పంపి, రసీదు దాచుకోండి. అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఆ గడువును మాత్రం మొదటి నోటీసు నుంచే లెక్కేసుకోండి, పేచీ ఉండదు. కంపెనీ దివాలా ప్రక్రియలో ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే దాని మీద కేసు ఆగుతుంది గానీ ఎండీ మీద నడుస్తుంది.

పెద్దావిడను వదిలేయండి. డైరెక్టరుగా పేరున్నంత మాత్రాన నేరం అంటదు. రోజువారీ వ్యవహారం ఆవిడే చూసేవారని ఫిర్యాదులో రాయగలిగితేనే చేర్చాలి. బిల్లులు, ఆర్డర్లు ఆవిడతో మాట్లాడారా? లేదంటే, ఇంట్లో కూర్చున్న మనిషిని కోర్టు మెట్లెక్కించడం నాకు న్యాయమనిపించదు. కంపెనీతో పాటు, సంతకం చేసిన ఎండీ చాలు.

హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీరు చెక్కు వేసిన ఖాతా ఏ బ్రాంచిలో ఉందో, ఆ పరిధి కోర్టులోనే వేయవచ్చు. మీ ఖాతా గాజువాకలో ఉంటే కేసు విశాఖలోనే నడుస్తుంది.