హాలోవీన్ పార్టీ 270 డాలర్లలో, కార్డు జోలికి పోకుండా

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పిల్లలిద్దరు, ఐదేళ్లు, తొమ్మిదేళ్లు. పోయిన హాలోవీన్‌కి ఏడు కుటుంబాలను ఇంటికి పిలిస్తే 780 డాలర్లు అయింది. అంతా క్రెడిట్ కార్డు మీదే గీకాం. పాత బాకీతో కలిపి ఆ కార్డు మీద ఇంకా 1,100 ఉంది, వడ్డీ 24 శాతం. ఈసారి కూడా పార్టీ మా ఇంట్లోనే అని పిల్లలు అందరికీ చెప్పేశారు. మాతో కలిపి పెద్దలు 16 మంది, పిల్లలు 14 మంది. 300 లోపు అవుతుందా? పిలిచినవాళ్లనే వంటలు తెమ్మంటే ఏం బాగుంటుందని మా ఆయన అంటున్నారు.

జవాబు: అవుతుంది. 30 మందికి 270 డాలర్లు చాలు, అందులో 31 డాలర్లు చేతిలో మిగిలే పద్ధతిలో లెక్క ఇస్తాను. దానికంటే ముందు కార్డు సంగతి చూడాలి, ఎందుకంటే అసలు ఖర్చు అక్కడే ఉంది.

1,100 మీద 24 శాతం అంటే నెలకు సుమారు 22 డాలర్లు, ఏడాదికి 264. మీరు ఏమీ కొనకుండానే ఒక పార్టీ డబ్బు ఏటా వడ్డీకి పోతోంది. ఇంకో మెలిక కూడా ఉంది. నెల బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకు కొత్త కొనుగోళ్ల మీద గడువు తేదీ వరకు వడ్డీ పడదు. బాకీ మోస్తున్న కార్డుకు సాధారణంగా ఆ వెసులుబాటు ఉండదు. గుమ్మడికాయ కొన్న రోజు నుంచే దాని మీద వడ్డీ మొదలవుతుంది. అందుకని ఆ కార్డుతో ఒక్క డాలరు కూడా గీకకండి. రెండు వారాలకోసారి జీతం వస్తుంటే సెప్టెంబర్ మొదటి వారం నుంచి నాలుగు జీతాల్లో 68 చొప్పున తీసి కవర్లో పెట్టండి. 272 అవుతుంది. కొనడానికి వెళ్లినప్పుడు ఆ కవరే తీసుకెళ్లండి. నాలుగు వాయిదాల్లో కట్టండి అని ఆన్‌లైన్ దుకాణాలు చూపించే బటన్ కూడా వద్దు. అక్టోబర్‌లో కొన్నదాని ఆఖరి వాయిదాలు సరిగ్గా దీపావళి ఖర్చుల మీద వచ్చి పడతాయి. ఈ ఏడాది దీపావళి నవంబర్ 8నే కదా.

ఇక పంపకం. తిండికి 110, గుమ్మడికాయలకు 32, రంగులు స్టిక్కర్లకు 12, అలంకరణకు 25, మీ వీధిలో ఇల్లిల్లూ తిరిగే పిల్లలకు పంచే క్యాండీకి 25, ప్లేట్లు గ్లాసులకు 15, ఆటల బహుమతులకు 20. మొత్తం 239. మిగతా 31 చివరి రోజు గుర్తొచ్చే ఐసు, పాలు, బ్యాటరీల కోసం. దుకాణాన్ని బట్టి ధరలు కాస్త అటూ ఇటూ అవుతాయి, మొత్తం మాత్రం కదలకూడదు.

ఖర్చును అన్నిటికంటే ఎక్కువగా తగ్గించేది పార్టీ వేళ. ఈసారి అక్టోబర్ 31 శనివారం. సాయంత్రం ఆరింటికి రమ్మంటే అది రాత్రి భోజనం కిందే లెక్క. రెండు పెద్ద బిర్యానీ ట్రేలు తెప్పించారంటే సగం డబ్బు అక్కడే అయిపోతుంది. నాలుగింటికి పిలిచి ఆరుంపావుకి ముగించండి. మీ ఊళ్లో ఆ రోజు సూర్యాస్తమయం ఆరున్నర దాటాక. పిల్లలు ఎలాగూ అప్పుడు క్యాండీకి ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరతారు. నాలుగింటి పిలుపుకి టిఫిన్ పెడితే మర్యాదకేమీ లోటు ఉండదు. పిలిచేటప్పుడే ముగిసే వేళ కూడా మెసేజ్‌లో రాయండి.

మీ ఆయనకు ఉన్న మొహమాటం సహజమే. కానీ అక్కడి తెలుగు కుటుంబాల్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకోవడం, మామూలే, పైగా చాలామంది ఖాళీ చేతులతో రావడానికే ఇబ్బంది పడతారు. ప్రధాన వంటకాలు మీవే ఉండనివ్వండి, చుట్టూ ఉండేవి పంచండి. ఇక్కడ తప్పు జరిగేది ‘ఏదో ఒకటి తెండి’ అన్నప్పుడు. మూడు కుటుంబాలు చిప్స్ తెస్తాయి, పండ్లు ఎవరూ తేరు. వాట్సాప్ గ్రూపులో పేరుపేరునా రాయండి: ఒకరు కోసిన పుచ్చకాయ, ఒకరు ద్రాక్ష, నారింజ, ఒకరు పిల్లల జ్యూస్ ప్యాకెట్లు, ఒకరు మిక్చర్, ఒకరు పెరుగన్నం, ఇద్దరు ఏదో ఒక స్వీట్.

మీ వంతు మూడు: పులిహోర, పఫ్‌లు, పిల్లలకు మూడు పెద్ద చీజ్ పిజ్జాలు. పులిహోరకి మూడు పౌండ్ల బియ్యం, 200 గ్రాముల చింతపండు సరిపోతాయి. తాలింపులో పల్లీలు, జీడిపప్పు వేయకండి. వేయించి విడిగా గిన్నెలో, వేరే చెంచాతో, పిల్లలకు అందని చోట పెట్టండి. వేరుశనగ నూనె కూడా వద్దు. 14 మంది పిల్లల్లో ఎవరికి ఏ అలర్జీ ఉందో ముందే తల్లుల్ని అడగండి.

పఫ్‌లే ఆ రోజు హాలోవీన్ వంట. మన బేకరీ కర్రీ పఫ్‌నే కట్లు కట్టిన ఈజిప్టు మమ్మీలా చేయాలి. రెండేసి షీట్లుండే పఫ్ పేస్ట్రీ ప్యాకెట్లు మూడు, రెండు పౌండ్ల బంగాళాదుంపల కూర తీసుకుంటే 36 వస్తాయి. ఒక్కో షీటును ఆరు ముక్కలు చేసి, మధ్యలో చెంచాడు కూర నిలువుగా పెట్టి, రెండు పక్కలా వేలెడు పొడవున గాట్లు పెట్టి, ఆ పట్టీలను ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి కూర మీదికి మడవాలి. పైన కళ్లకు కాస్త చోటు వదలండి. పాలు పూసి 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. కళ్లు నల్ల ఆలివ్ ముక్కలతో, కాల్చాక పెట్టాలి. ఇవి పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణంతో: వేడి కూర పెట్టడం. లోపలి వెన్న పొయ్యిలోకి వెళ్లకముందే కరిగిపోతే పొరలు విచ్చుకోవు, అడుగు పచ్చిగా ఉండిపోతుంది. కూర ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పేస్ట్రీని కూడా రాత్రంతా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి, కౌంటర్ మీద మెత్తబడితే చేతికి అంటుకుంటుంది. పెరుగన్నం, కోసిన పండ్లు రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు.

గుమ్మడికాయల్లో డబ్బు ఎక్కడ వృథా అవుతుందో చూడండి. 14 మందికి తలా ఒక పెద్ద కాయ, తలా ఒక చాకు అంటే ఖర్చుకి ఖర్చు, ప్రమాదానికి ప్రమాదం. అరచేతిలో ఇమిడే చిన్నవి 16 కొనండి, 18 డాలర్ల దాకా అవుతుంది. నలుగురికో రంగుల పళ్లెం ఇచ్చి వాటి మీద బొమ్మలు వేయించండి. ముందు కాయ మీది తడి తుడవకపోతే అక్రిలిక్ రంగు పెచ్చులుగా ఊడుతుంది. ఆరడానికి అరగంట పడుతుంది కాబట్టి రాగానే ఈ పనే పెట్టాలి. ఎవరి కాయ వాళ్లు ఇంటికి పట్టుకెళ్తారు, రిటర్న్ గిఫ్ట్ అదే. తలా ఆరు డాలర్ల సంచీ ఇచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, అక్కడే 84 మిగులుతుంది. గుమ్మం దగ్గరికి ఒక పెద్ద కాయ మీరే చెక్కండి, గురువారం కంటే ముందు మాత్రం వద్దు. కోసిన కాయ కొద్ది రోజులకే లోపల బూజు పట్టి కుంగిపోతుంది. లోపల కొవ్వొత్తి కాదు, బ్యాటరీ దీపం పెట్టండి. వేషాల బట్టలకు నిప్పు తేలిగ్గా అంటుకుంటుంది.

అలంకరణ ఇల్లంతా అక్కర్లేదు. గుమ్మం, భోజనాల బల్ల చాలు. పాత తెల్ల దుప్పటిని బెలూన్ మీద వేసి వేలాడదీస్తే దెయ్యం సిద్ధం. దూది సాలెగూడు ఒక్క ప్యాకెట్ కొని, వెనక గోడ కనిపించేంత పల్చగా లాగండి. ముద్దలుగా వదిలేస్తే దూదిలాగే కనిపిస్తుంది. దాన్ని ఇంట్లోనే కట్టండి, బయట పిట్టలు చిక్కుకుంటాయి. లైట్లు నారింజ, ఊదా రంగులవి కాకుండా మామూలు పసుపు వెలుగువి కొనండి. వారం తర్వాత దీపావళికి అవే పనికొస్తాయి.

వేషాలకు పిల్లకు 25 చొప్పున పరిమితి పెట్టుకోండి, ఇది 270లో కలవదు. పెద్దాడి పాతది చిన్నదానికి, లేదా ఆ ఏడు కుటుంబాల మధ్యే మార్పిడి. కొత్తది కొంటే తిరిగి ఇచ్చే గడువు రసీదు మీద చూడండి, చాలాచోట్ల అది పండగకు ముందే ముగుస్తుంది.

క్యాండీ 150 ముక్కల సంచీ ఒకటి తెచ్చి, తలుపు దగ్గర ఒకరు కూర్చుని తలా రెండు ఇస్తే 75 మందికి వస్తుంది. గిన్నె బయట వదిలేస్తే మొదటి గుంపుతోనే ఖాళీ. కోకో ధర 2024 డిసెంబర్‌లో టన్నుకు 12,000 డాలర్లు దాటింది, ఆ తర్వాత చాక్లెట్ సంచీలు బాగా ప్రియమయ్యాయి. పుల్లటి గమ్మీలు, లాలీపాప్‌లు కలిసిన సంచీ చవక. అలర్జీ పిల్లల కోసం పెన్సిళ్లు, స్టిక్కర్లు ఉన్న చిన్న గిన్నె విడిగా ఉంచి, గుమ్మంలో నీలాకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ ఒకటి పెట్టండి. ఇక్కడ తిండి కానివి కూడా ఇస్తారని దానికి అర్థం. మీరు అదనంగా కొన్న రెండు చిన్న కాయల్లో ఒకటి దానికే.

పార్టీకి ముందు పది నిమిషాలు ఇంటి బీమా కాగితం తీయండి. అద్దె ఇల్లయితే రెంటర్స్ పాలసీ. అందులో లయబిలిటీ, అంటే మీ ఇంట్లో ఇతరులకు దెబ్బ తగిలితే చెల్లించే మొత్తం, ఎంతో చూడండి, లక్ష డాలర్లు అనేది తరచూ కనిపించే అంకె. అతిథి పిల్లవాడు మెట్ల మీద పడి చెయ్యి విరిగితే ఆదుకునేది అదే. పెరట్లో ట్రాంపొలిన్ (పిల్లలు ఎగిరి గంతులేసే సాగే వల) ఉంటే చాలా పాలసీలు దాన్ని మినహాయిస్తాయి, ఆ రోజు దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. పిల్లలు లోపల గంతులేసే గాలి కోట అద్దెకు తెచ్చే ఆలోచన ఈ బడ్జెట్‌లో పెట్టుకోవద్దు.

గుమ్మడికాయల 32లో 18 పోగా మిగిలిన 14లో పెద్ద కాయ ఒకటి, ‘పై’ అనే తీపి వంటకం చేసుకునే చిన్న తియ్య గుమ్మడి ఒకటి వస్తాయి. ఆ రెండోదాన్ని చెక్కకుండా, రంగు వేయకుండా బల్ల మీద అలంకారంగా పెట్టండి. చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు పీచుగా, నీరుగా ఉంటాయి, వంటకు రుచించవు. ఈ చిన్నది బెల్లం వేసిన పులుసుకి చక్కగా ఉంటుంది. నవంబర్ 1 ఆదివారం, గడియారం గంట వెనక్కి జరిగే రోజు. మధ్యాహ్నం కూరకు వెతుక్కోనక్కర్లేదు.