వంద సీసీ బండితో రోజూ డొంకదారిలో తిరగాలంటే ఏమేం మార్చాలి

2019లో కొన్న స్ప్లెండర్ ప్లస్ మీద రోజూ పొదలకూరు నుంచి రాపూరు వైపున్న మీ నిమ్మతోటకు వెళ్ళివస్తున్నారని, తారురోడ్డు దిగాక ఆరు కిలోమీటర్లు కంకర, గుండ్రాళ్ళు, మధ్యలో ఒక వాగు ఉన్న డొంకదారి అని రాశారు. వెనక షాక్‌లు ఎత్తు పెంచి, గడుల టైర్లు, వెడల్పు హ్యాండిలు, పెద్ద సైలెన్సరు పెట్టించమని కొందరు స్నేహితులు, అసలు ఈ బండి అమ్మేసి 200 సీసీ అడ్వెంచర్ బండి కొనమని మరికొందరు చెబుతున్నారని, ఏం చేయాలో తోచడం లేదని అడిగారు. అదే బండితో అంతకంటే కఠినమైన దారుల్లో పదకొండేళ్ళుగా తిరుగుతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట ప్రాంతంలో గోపాలమిత్రగా, అంటే ఊరూరా తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ సూదులు వేసేవాడిగా పనిచేస్తున్నాను. గేదె గానీ ఆవు గానీ పొద్దున ఎదకు వచ్చినట్టు రైతు ఫోను చేస్తే సాయంత్రంలోగా వెళ్ళి సూది వేయాలి, ఆలస్యమైతే ఆ ఎద దాటిపోయి రైతు మళ్ళీ మూడు వారాలు ఆగాలి. అందువల్ల దారి బాగుందా, చీకటి పడిందా అని చూసుకునే వీలు నాకు ఉండదు. పైగా నా వెనక సీటు మీద మూడు లీటర్ల ద్రవ నత్రజని క్యాను ఉంటుంది. మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో వీర్యపు స్ట్రాలు అందులో మునిగి ఉంటాయి. ఆ క్యాను ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, గట్టి దెబ్బ తగలకూడదు. రెండు గోడల మధ్య ఉండే శూన్యం దెబ్బతింటే క్యాను మెడ చుట్టూ బయటి వైపున తెల్లటి మంచు పేరుకుంటుంది. అది కనిపించిందంటే లోపలి ద్రవం గంటల్లో ఆవిరైపోతుందని, స్ట్రాలన్నీ పనికిరాకుండా పోతాయని అర్థం. అలా ఒక క్యాను పోగొట్టుకున్న తర్వాతే బండిలో ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది నేను శ్రద్ధగా ఆలోచించడం మొదలుపెట్టాను.

ముందుగా బండి అమ్మే విషయం. మీ బండి బరువు దాదాపు 112 కిలోలు. మీ స్నేహితులు చెప్పే ఎక్స్‌పల్స్ 200 లాంటిది 160 కిలోల దగ్గర ఉంటుంది, పాత 411 సీసీ హిమాలయన్ 199 కిలోలు. నేలకూ ఇంజనుకూ మధ్య ఎడం స్ప్లెండర్‌కు సుమారు 160 మిల్లీమీటర్లయితే ఆ రెండింటికీ 220. ఎత్తులో, షాక్‌ల ఆటలో అవి మేలైన బండ్లే, అందులో సందేహం లేదు. కానీ వాగులో గుండ్రాళ్ళ మధ్య ముందు చక్రం ఇరుక్కున్నప్పుడు దిగి, వెనక క్యారియర్ పట్టుకుని ఒక్కరే పక్కకు జరపగలిగేది 112 కిలోల బండినే. పడినా ఒక్కరే లేపుకోగలరు, సీతారామపురంలోనైనా రాపూరులోనైనా ఏ చిన్న షాపులోనైనా దాని సామాను దొరుకుతుంది. ఆరు కిలోమీటర్ల డొంక కోసం, అందులోనూ రోజూ పనికి పోయే బండి విషయంలో, ఈ తేలికదనాన్ని వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అందుకే మీరు చేయించే ప్రతి మార్పుకూ ముందు ఇది బండి బరువు పెంచుతుందా, లేక దెబ్బ తగిలే చోటును కాపాడుతుందా అని ప్రశ్నించుకోండి.

నా లెక్కలో మొదటి ఖర్చు టైర్లది. కంపెనీ టైరు తారురోడ్డు కోసం చేసింది. గులకరాళ్ళ మీద అది బిగువు దొరక్క జారుతుంది, తడి ఎర్రమట్టిలో గాళ్ళు పూడిపోయి నున్నటి గుండులా తయారవుతుంది. అలాగని ముద్దముద్దలుగా ఉండే పూర్తి బటన్ టైర్లకు కూడా వెళ్ళకండి. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం తారురోడ్డే కాబట్టి అవి త్వరగా అరిగిపోతాయి, తడి రోడ్డు మీద వంపుల్లో పట్టు తప్పుతాయి. తారుకూ మట్టికీ రెండింటికీ సరిపోయే మధ్యరకం గడుల టైరు 18 అంగుళాల కొలతలో దొరుకుతుంది. ముందు పాత కొలతే ఉంచి, వెనక మాత్రం 2.75 బదులు 3.00 వేయించుకోవచ్చు. వెడల్పులో తేడా ఆరు మిల్లీమీటర్లే, అయినా వేసిన తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైను కవరుకూ టైరుకూ మధ్య, స్వింగ్ ఆర్మ్ దగ్గర చిటికెన వేలు దూరుతుందో లేదో చూడండి. దూరకపోతే మట్టి పట్టినప్పుడు రాసుకుంటుంది.

మన జిల్లాలో టైరు గురించి మాట్లాడితే చిల్లకంప, అంటే సర్కారు తుమ్మ గురించి కూడా చెప్పాలి. బొగ్గుల బట్టీలకు కంప కొట్టి ట్రాక్టరులో తరలించిన దారిలో మరునాడు వెళ్తే పంచరు తప్పదు. తోటల చుట్టూ వేసిన ఎండుకంప కంచెల పక్కన కూడా అంతే. ఆ ముల్లు బట్టలు కుట్టే సూది కంటే లావుగా ఉండి, టైరు రబ్బరులోకి దిగి విరిగిపోతుంది. బయట ఏమీ కనిపించదు, ట్యూబు మార్చినా రెండు రోజుల్లో అదే చోట మళ్ళీ గాలి దిగుతుంది. పంచరు వేయించేటప్పుడు టైరు లోపలి వైపు గుడ్డతో నెమ్మదిగా చుట్టూ తుడవమని అడగండి. విరిగిన ముల్లు మొన గుడ్డకు పట్టుకుంటుంది. వేళ్ళతో తడిమితే వేళ్ళు తెగుతాయి.

మీ బండికి అల్లాయ్ చక్రాలా, స్పోకులా అన్నది మీరు రాయలేదు. అల్లాయ్ అయితే, ఆ రిమ్ము ట్యూబ్‌లెస్ రకమే అయిన పక్షంలో, ట్యూబ్‌లెస్ టైరు వేయించుకోండి. ముళ్ళ బాధ సగానికి సగం తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా గాలి ఒక్కసారిగా పోదు. కానీ రాయి అంచుకు గట్టిగా కొట్టుకుంటే అల్లాయ్ రిమ్ము వంగడమో పగలడమో జరుగుతుంది, దాన్ని నమ్మకంగా సరిచేయడం కష్టం. స్పోకుల చక్రం దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది, వంకర పోయినా స్పోకులు బిగించి అవుట్ తీయించుకోవచ్చు. నా దారిలో ముళ్ళ కంటే రాళ్ళే ఎక్కువ కాబట్టి నేను స్పోకులనే ఉంచుకున్నాను. నెలకోసారి చిన్న స్పానరుతో ఒక్కో స్పోకును తట్టి చూస్తాను. బిగువుగా ఉన్నది టింగుమని మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వదులైనదాన్ని అలాగే వదిలేస్తే దాని భారం పక్క స్పోకుల మీద పడి అవి వరసగా తెగుతాయి.

గాలి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. డొంక మొదట్లో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు బాగుంటుందని అందరూ చెబుతారు, అది నిజమే. అయితే ట్యూబు టైరులో మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లుపడుతుంది, బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారి వాల్వు మొదట్లో తెగుతుంది. కంపెనీ చెప్పిన దానికంటే మూడు పాయింట్ల వరకు తగ్గించడమే నా హద్దు. వెనక బరువున్న రోజు అది కూడా చేయను.

రెండో ఖర్చు ఇంజను కింది పలకది. దీని గురించి ఎక్కువ రాస్తున్నందుకు కారణం ఉంది. నాలుగేళ్ళ క్రితం కార్తీకంలో, కొండ కింద ఒక ఊళ్ళో గేదెకు సూది వేసి రాత్రి ఎనిమిది దాటాక తిరిగి వస్తున్నాను. వాన నీటికి మట్టి కొట్టుకుపోయి దారి మధ్యలో ఒక రాతిపలక అంచు జానెడు పైకి తేలి ఉంది. ముందు చక్రం దాన్ని దాటింది, ఆ వెంటనే షాక్ దిగి ఇంజను అడుగు రాయికి తగిలింది. శబ్దం పెద్దగా రాలేదు కాబట్టి ఆగలేదు. రెండు ఫర్లాంగులు పోయాక వేడి సైలెన్సరు మీద ఆయిలు కాలిన వాసన వచ్చింది, ఆ వెనకే ఇంజను పైభాగంలో టకటకమని చప్పుడు మొదలైంది. వెంటనే ఆపి ఫోను లైటు వెనక్కి తిప్పి చూస్తే, వచ్చిన దారంతా కంకర మీద నల్లటి చుక్కలు వరసగా మెరుస్తున్నాయి. లీటరుకు మించని ఆయిలు, ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. డ్రెయిన్ బోల్టు పక్కన కేసింగు చీలింది. మేకల మంద తోలుకుపోయే ట్రాలీ ఆటోలో బండిని ఉదయగిరి చేర్చాను, ఇంజను మొత్తం విప్పి కేసింగు మార్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను చేరలేకపోయిన ఇళ్ళ రైతులు ఎంత నష్టపోయారో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

స్ప్లెండర్ ఇంజనుకు రెండు పక్కలా చాసిస్ గొట్టాలు కిందుగా వెళ్తాయి, వాటి మధ్యలోంచి రాయి పొడుచుకొస్తేనే ప్రమాదం. ఆ గొట్టాలకే రబ్బరు వేసిన క్లాంపులతో ఒక పలక బిగించుకోండి, ఎక్కడా వెల్డింగు అవసరం లేదు. అడుగు పొడవు, పది అంగుళాల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం గల రేకు తీసుకుంటే ఇనుమైతే సుమారు కిలో ముప్పావు, అల్యూమినియం అయితే ఆరు వందల గ్రాములు తూగుతుంది. నేను అల్యూమినియం వేయించాను. ముందు అంచును పైకి వంచాలి, లేకపోతే రాయిని తప్పించడానికి బదులు దానికి తట్టుకుని ఆగుతుంది. డ్రెయిన్ బోల్టుకు ఎదురుగా రంధ్రం చేయించండి, లేకపోతే ఆయిలు మార్చిన ప్రతిసారీ పలక విప్పాలి. ఇది గాలితో చల్లబడే ఇంజను కాబట్టి పలకకూ ఇంజనుకూ మధ్య వేలెడు సందు ఉంచి, ముందు భాగాన్ని పూర్తిగా మూసేయకుండా చూడండి. వాగు దాటాక సందులో చిక్కిన గడ్డి, ఆకులు తీసేయాలి.

ఇక షాక్‌లు. ఇక్కడే మీ స్నేహితులతో నేను పూర్తిగా విభేదిస్తున్నాను. ఒక మెకానిక్ మాట నమ్మి నేను కూడా వెనక షాక్‌ల కింద రెండంగుళాల ఇనుప ముక్కలు పెట్టించాను. వెనక లేచినంత మాత్రాన ఇంజను అడుగు రెండంగుళాలు లేవదు, అది రెండు చక్రాల మధ్య ఉంటుంది కాబట్టి అందులో సగమే వస్తుంది. నష్టాలు మాత్రం పూర్తిగా వస్తాయి. సెంటరు స్టాండు వేస్తే వెనక చక్రం నేల మీదే ఉండిపోయింది, సైడు స్టాండు మీద బండి మరీ ఒరిగింది, చైను కోణం మారి కవరుకు రాసుకుంది. వాలు దిగేటప్పుడు బరువంతా ముందుకు పడి హ్యాండిలు చేతుల్లో నిలవలేదు. పదిహేను రోజులకే తీయించేశాను. మీ వెనక షాక్‌లకు బిగువు మార్చుకునే అయిదు మెట్లు ఉన్నాయి, రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండేట్టు ఒకటి రెండు మెట్లు బిగించుకుంటే తోట సామాను వేసుకున్నప్పుడు వెనక కుంగదు. ముందు ఫోర్కుల్లో ఆయిలు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్పించండి. చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ, పాత ఆయిలు పలచబడి గుంటలో దిగిన ప్రతిసారీ ఫోర్కు అడుగంటా కొట్టుకుంటుంది. ఫోర్కు గొట్టాలకు రబ్బరు తొడుగులు వేయిస్తే దుమ్ము పట్టి సీలు తెగకుండా ఉంటుంది.

ఇంజను దగ్గర చైనును తిప్పే పళ్ళ చక్రానికి ఒక పన్ను తగ్గించడం చవకైన మార్పు, ఎత్తు మీద చాలా ఉపయోగపడుతుంది. 14 పళ్ళుంటే 13 వేయించండి, చక్రం దగ్గర లాగుడు ఏడెనిమిది శాతం పెరుగుతుంది, తారురోడ్డు మీద అదే మేరకు వేగం తగ్గి ఇంజను కాస్త ఎక్కువగా తిరుగుతుంది. స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుంచే వస్తుంది కాబట్టి కిలోమీటర్ల లెక్క తప్పదు. మీ దారిలో పెద్ద ఎత్తులు లేకపోతే ఇది అవసరం లేదు కూడా. చైను మీది పూర్తి కవరును మాత్రం అందం కోసం తీయించకండి, దుమ్ములో చైను ఎక్కువ కాలం నిలిచేది దానివల్లనే.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బండ్లకు రెండు బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అలాంటి బండి అయితే కాలి బ్రేకు తొక్కినప్పుడు ముందు చక్రం కూడా కొంత పట్టుకుంటుంది. కంకర వాలులో ఇది తెలియక తిప్పుతూ తొక్కితే ముందు జారుతుంది. వాలు మొదలయ్యే ముందే మొదటి లేదా రెండో గేరులోకి వచ్చి, ఇంజను మీదే దిగండి. ఆ ఏర్పాటును విప్పించవద్దు. వాగు దాటాక డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టదు కాబట్టి, వంద గజాలు మెల్లగా పోతూ బ్రేకు తేలికగా నొక్కి ఆరబెట్టుకోండి.

సైలెన్సరు జోలికి పోకండి. దానివల్ల డొంకలో ఒరిగేదేమీ లేదు, పైగా మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. చీర గార్డు తీయించడం కూడా తప్పే, ఇంట్లో ఆడవాళ్ళు వెనక కూర్చునే బండికి అది ప్రాణరక్షణ. వెడల్పు హ్యాండిలు వద్దు గానీ, నున్నటి రబ్బరు ఫుట్‌రెస్టుల బదులు పళ్ళున్న ఇనుపవి వేయించుకోండి. బురద కాలుతో లేచి నిలబడి రాళ్ళు దాటేటప్పుడు పాదం జారకుండా అవే నిలుపుతాయి.

మనకు పెద్ద వానలు జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. కాబట్టి సెప్టెంబరులోపు టైర్లు, పలక వేయించి, ఫోర్కు ఆయిలు మార్పించండి. పలక బిగించిన మొదటి వారం రోజూ సాయంత్రం క్లాంపుల నట్లు చేత్తో తిప్పి చూడండి, కదిలిందంటే స్ప్రింగు వాషరు వేసి మళ్ళీ బిగించాలి. పళ్ళ చక్రం సంగతి ఒక నెల తోటకు తిరిగి చూశాక నిర్ణయించుకోవచ్చు. మీ చక్రాలు ఏ రకమో, వెనక సీటు మీద మామూలుగా ఎంత బరువు వేస్తారో రాస్తే, టైరు గాలి, షాక్ మెట్టు గురించి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.