అవార్డు ఎవరికి? పాఠకుల ప్రశ్నలకు ఒక సినిమా రిప్రజెంటేటివ్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అవార్డుల గొడవే. కొత్త పాఠకుల కోసం ఒక మాట. విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున ఇరవై ఆరేళ్లు రిప్రజెంటేటివ్‌గా తిరిగాను. సినిమా రీళ్ల బాక్స్ వెంట ఊరూరా వెళ్లడం, హాల్లో టికెట్లు లెక్క చూడడం, రోజువారీ కలెక్షన్ల రిపోర్టు (డీసీఆర్) మీద సంతకం పెట్టించుకుని రావడం నా ఉద్యోగం. ఒక్కో సినిమా ముప్పై, నలభైసార్లు చూశాను. అన్నిసార్లు చూస్తే హీరో మీద నుంచి చూపు పక్కకి మళ్లుతుంది. నా జవాబులన్నీ ఆ చూపులోంచి వచ్చినవే.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్. మొన్న రాత్రి రెండింటిదాకా గొడవపడ్డాం. సావిత్రికీ, ఎస్వీ రంగారావుకీ నటనకి జాతీయ అవార్డు రాలేదంటే ఢిల్లీ వాళ్లకి తెలుగంటే చిన్నచూపే అని నేనంటాను. మా రూమ్మేట్ ఒప్పుకోడు. ఎవరిది రైటు?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: తమ్ముడూ, ముందు సంవత్సరాలు చూడు. జాతీయ అవార్డులు 1954లో మొదలయ్యాయి. కానీ నటులకి విడిగా ఇవ్వడం 1967 సినిమాలతోనే మొదలైంది. తొలిసారి ఉత్తమ నటుడు ఉత్తమ్ కుమార్, ఉత్తమ నటి నర్గీస్. మన 'దేవదాసు' వచ్చింది 1953లో, 'మిస్సమ్మ' 1955లో, 'మాయాబజార్' 1957లో. సావిత్రి గొప్ప పాత్రలన్నీ చేస్తున్న రోజుల్లో ఆమెకి ఇవ్వడానికి ఆ అవార్డే లేదు.

రంగారావుగారి సంగతి ఇంకా అన్యాయం. సహాయ నటుడి అవార్డు 1984 సినిమాలతో వచ్చింది. ఆయన 1974లోనే పోయారు. 'నర్తనశాల'లో కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఇక్కడ ఆ గదే కట్టలేదు, ఆయన ఎక్కడ కూర్చుంటారు?

కాబట్టి మీ రూమ్మేట్‌దే చాలావరకు రైటు. కానీ నీ బాధ కూడా వట్టిది కాదు. పొన్నూరులో ఒకసారి 'మాయాబజార్' మళ్లీ వేస్తే బాక్స్ వెంట వెళ్లి వారం రోజులున్నాను. ఏ ఆటకా ఆట సావిత్రినే చూశాను. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కదా ఆ పాత్ర! చెలికత్తెలు చూస్తున్నప్పుడు ఆడపిల్ల. వాళ్ల చూపు మళ్లిందో లేదో, భుజాలు వెడల్పవుతాయి, మెడ బిగుసుకుంటుంది, నడకలోకి రంగారావు వచ్చేస్తాడు. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు మొహంలో సిగ్గుంటుంది, పాదంలో రాక్షసబలం ఉంటుంది. ఒకే షాట్‌లో రెండూ! మూడో రోజు నుంచి ఆపరేటర్ కూడా ఆ సీను టైముకి కేబిన్ కిటికీలోంచి చూడడం మొదలెట్టాడు. ఆమె పుట్టిన చిర్రావూరు మన బ్యారేజీ దాటితే తాడేపల్లి పక్కనే.

ప్రశ్న: మా హీరో సినిమాకి కలెక్షన్లు దుమ్ము రేపాయి. అయినా అవార్డు ఇవ్వలేదు. జనం తీర్పు కంటే జ్యూరీ తీర్పు గొప్పదా?
– మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: బాబూ, వేల డీసీఆర్‌లు నా చేతుల మీదుగా వెళ్లాయి. క్లాసు, అమ్మిన టికెట్లు, గ్రాస్, ట్యాక్స్, నెట్ అని కాలమ్‌లుంటాయి. నటన అనే కాలమ్ లేదు. పండగ రోజు ఏ సినిమాకైనా హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాల్సిందే.

తెలుగు సినిమాలో చేసి ఉత్తమ నటుడి జాతీయ అవార్డు అందుకున్న తొలి హీరో అల్లు అర్జున్. 2021 నాటి 'పుష్ప'కి 2023లో ప్రకటించారు. అది కలెక్షన్లు కొట్టిన సినిమానే. అంటే డబ్బులొస్తే అవార్డు రాదన్న మాటా నిజం కాదు.

నాకూ ఇలాంటి కోపం ఒకటి ఉండేది. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. మొదట్లో హాళ్లు వెలవెలబోయాయి. తర్వాత ఆ నోటా ఈ నోటా పాకి జనం ఎగబడ్డారు. జాతీయ అవార్డుల్లో బాలుగారికీ, వాణీ జయరామ్‌కీ, కె.వి. మహదేవన్‌కీ వచ్చింది. ప్రజాదరణ పొందిన ఉత్తమ చిత్రంగానూ నిలిచింది. శంకరశాస్త్రిగా చేసిన జె.వి. సోమయాజులుగారికి మాత్రం రాలేదు. నాలుగేళ్లు ఆ జ్యూరీని తిట్టుకున్నాను. ఆ ఏడాది ఉత్తమ నటుడు నసీరుద్దీన్ షా. 'స్పర్శ్'లో అంధుల బడి ప్రిన్సిపాల్ పాత్రకి ఇచ్చారు. ఆ సినిమా నేను చూడనే లేదు! చివరికి చూశాను. చూపు లేని మనిషి తన గదిలో తాను కాఫీ పెట్టుకునే తీరు, ఎవరైనా సాయం చెయ్యబోతే ఆ మొహంలో వచ్చే చిరాకు చూశాక తిట్టడం మానేశాను. నా ఓటు ఈ రోజుకీ సోమయాజులుగారికే. కానీ గెలిచినవాడి సినిమా చూడకుండా అన్యాయం అనే మాట ఇక వాడను. నువ్వూ ముందు అది చూడు, ఆ తర్వాత నాకు రాయి. నీ వాదన మొత్తం వింటాను.

ప్రశ్న: మా తెనాలి శారదగారిని ఊర్వశి శారద అంటారెందుకు అని మా పిల్లలు అడిగారు. ఏదో సినిమాలో ఊర్వశి వేషం వేశారేమో అనుకున్నాను.
– ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: కాదమ్మా. ఉత్తమ నటి అవార్డుని అప్పట్లో ఊర్వశి అవార్డు అనేవాళ్లు. శారదగారికి మూడుసార్లు వచ్చింది. రెండు మలయాళం సినిమాలకి, మూడోది 1978 అవార్డుల్లో మన 'నిమజ్జనం'కి. పిల్లలకి ఇంకో సంగతి కూడా చెప్పండి. తర్వాత 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కి విజయశాంతి, 'మహానటి'కి కీర్తి సురేష్. తెలుగు సినిమాల్లో నటించి నలుగురు ఆడవాళ్లు తెచ్చుకున్నాకే హీరోల్లో మొదటివాడికి వచ్చింది. మన గొడవల్లో మాత్రం ఎప్పుడూ హీరోల పేర్లే.

ప్రశ్న: మా ఇంట్లో పేచీ ఇది. ఒక హీరోయిన్ బాగా చేసిందని, అవార్డు ఇవ్వాలని నేనంటాను. గొంతు ఆమెది కాదు, డబ్బింగ్, సగం నటన వేరేవాళ్లదని మావారంటారు. మీరేమంటారు?
– గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. ఒక చిన్న ఊళ్లో, మాట్నీ ఆట. తల్లి మంచం పక్కన హీరోయిన్ కూర్చుని మాట్లాడే సీను. హాల్లో సౌండ్ పోయింది. నేల క్లాసు వాళ్లు ఈలలు వేశారు, 'సౌండ్, సౌండ్' అని అరిచారు. ఆపరేటర్ ఏం చేస్తున్నాడో గానీ బొమ్మ మాత్రం ఆపలేదు. ఓ రెండు నిమిషాలు ఆ అమ్మాయి పెదవులు కదులుతున్నాయి, కళ్లనిండా నీళ్లు. చూస్తుంటే ఎవరికీ ఏమీ అనిపించలేదు. నా పక్కన బెంచీ మీదున్న పెద్దావిడ చంకలో పిల్లాడికి జంతిక విరిచి పెడుతోంది. అంతలో సౌండ్ వచ్చింది. 'అమ్మా' అనే ఒక్క మాట, సగంలో పగిలిపోయిన గొంతుతో. పెద్దావిడ చెయ్యి ఆగింది. జంతిక అలాగే పట్టుకుని, పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

అప్పుడు గొంతే అంతా అనుకున్నాను. సాయంత్రం ఆట చూస్తూ ఆ సీనులో కళ్లు మూసుకున్నాను. గొంతు ఒక్కటే విన్నా చాలలేదు. ఆ అమ్మాయి తల్లి చేతిని దుప్పటి కింద పెట్టి సర్దుతుంది. అది కనబడితేనే ఆ మాట లోపలికి దిగుతోంది. మీవారన్న లెక్క అందుకే తప్పు కాదు. సగం సగం. అయితే సగం మరొకరిదని ఆ అమ్మాయికి అవార్డు ఎగ్గొట్టకూడదు. రెండో సగానికి కూడా పేరు పెట్టి ఇవ్వాలి.

మన నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకి విడిగా బహుమతి ఉండేది. 'అన్నమయ్య'లో వెంకటేశ్వరస్వామి వేషం సుమన్‌ది, గొంతు బాలుగారిది. రోజారమణి, సరిత, సునీత, చిన్మయి ఎన్ని మొహాలకి మాటలిచ్చారో లెక్క తీస్తే హీరోయిన్ల జాబితా కంటే అదే పొడవు తేలుతుంది. హాలు బయట పోస్టర్ మీద మాత్రం వాళ్ల పేరు నేనెప్పుడూ చూడలేదు. జాతీయ స్థాయిలోనూ గొంతుకి ఒక అవార్డు పెట్టాలి. ఇది నా అభిప్రాయం కాదు, కోరిక.

ప్రశ్న: నంది అవార్డులు ఏమయ్యాయి?
– విశ్రాంత ఉద్యోగి, మంగళగిరి

జవాబు: 1964లో లేపాక్షి నంది బొమ్మతో మొదలైన పురస్కారం అది. 2014, 2015, 2016 మూడేళ్లవీ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. తర్వాత ఏళ్లకేళ్లు ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో 2025లో ఇచ్చింది. నంది ఆగడం వల్ల హీరోలకి పోయిందేమీ లేదండీ. మేకప్, ఎడిటింగ్, డబ్బింగ్ వాళ్ల షోకేసుల్లోనే చోటు ఖాళీగా ఉండిపోయింది.

ప్రశ్న: మా అపార్టుమెంటులో సంక్రాంతికి సొంతంగా సినిమా అవార్డులు పెట్టుకుంటున్నాం. పోయినసారి కొట్టుకున్నంత పనయింది. సలహా చెప్పండి.
– ఇంటర్ విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: చాలా సంతోషం తల్లీ. ముందు సంవత్సరం దగ్గర పేచీ రాకుండా చూడు. జాతీయ అవార్డుల్లో రిలీజు తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ చూస్తారు. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు ఉండాలి. ఫిబ్రవరిలో రిలీజైన 'శంకరాభరణం' 1979 అవార్డుల్లో ఉన్నది అందుకే. మీకు ఆ తేదీలు పట్టుకోవడం కష్టం, రిలీజు తేదీయే పెట్టుకోండి. కానీ ఆ మాట ముందే నోటీసు బోర్డు మీద రాయండి.

ఉత్తమ నటుడు, నటితో ఆపకండి. సహాయ పాత్రలకి రెండు, గొంతుకి ఒకటి చేర్చండి. 1991 అవార్డుల్లో 'యజ్ఞం' సినిమాకి పి.ఎల్. నారాయణగారికి సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. కథకుడు కాళీపట్నం రామారావు (కారా) మాస్టారి కథ అది. మీ అపార్టుమెంటులో ఎంతమందికి తెలుసో అడిగి చూడు.

పోటీలో ఉన్న సినిమాలన్నీ చూసినవాళ్లకే ఓటు. చూశామని అబద్ధం చెప్పేవాళ్లుంటారు. ఓటు చీటీ మీద ఒక్కో సినిమా నుంచి హీరో లేని సీను ఒకటి రాయమనండి, తేలిపోతుంది. చీటీలు మడిచి స్టీలు డబ్బాలో వేయించండి. డబ్బా తెరిచి లెక్కపెట్టే పని ఏ హీరో అభిమానికీ ఇవ్వొద్దు, మీ వాచ్‌మెన్‌గారి చేత చేయించండి. గొంతు అవార్డు ఎవరికొచ్చిందో నాకు తప్పకుండా రాయాలి.